పచ్చి మారేడు కాయతో పెద్దపేగు పూత (కొలైటిస్) మీద ప్రయోగం: ఏ మోడల్ పెట్టాలి, ఏం రాయాలి?

ఫార్మ్‌తరమణి (సోమవారం, రాత్రి 9:40)

అందరికీ నమస్కారం. మాది నెల్లూరు. చెన్నైలో ఎం.ఫార్మసీ ఫార్మకాలజీ చేస్తున్నాను. డిసర్టేషన్ కోసం పచ్చి మారేడు కాయ గుజ్జు ఎంచుకున్నాను. ఎండబెట్టిన మారేడు ముక్కలు కాచి విరేచనాలకు ఇవ్వడం మన వైపూ ఉంది, ఇక్కడ తమిళుల ఇళ్లలోనూ ఉంది. దాన్ని ఇన్‌ఫ్లమేటరీ బవెల్ డిసీజ్ (పేగు వాచి పుండ్లు పడే దీర్ఘకాలిక జబ్బు) మీద ఎలుకల్లో పరీక్షించాలని ఆలోచన.

ఇప్పటిదాకా రాసుకున్న ప్లాన్ ఇది. గుజ్జు ఎండబెట్టి సాక్స్‌లెట్ పరికరంలో ఇథనాల్‌తో ఎక్స్‌ట్రాక్ట్ తీయడం. డీపీపీహెచ్ పరీక్షతో యాంటీఆక్సిడెంట్ శక్తి చూడటం. ఓఈసీడీ 423 (విషప్రభావం చూసే పరీక్ష పద్ధతి) ప్రకారం కిలోకు 2000 మి.గ్రా. దాకా ప్రమాదం లేదని తేలితే, అందరూ చేసేట్టే అందులో పదో వంతు, ఐదో వంతు: అంటే 200, 400 మి.గ్రా. డోసులు. విస్టార్ ర్యాట్స్, గ్రూపుకు 6. వారం రోజులు ముందుగా మందు పట్టించి, తర్వాత 4 శాతం ఎసిటిక్ యాసిడ్ మలద్వారం గుండా ఎక్కించి, 48 గంటలకు శాక్రిఫైస్. పోలికకు ఈ జబ్బుకు వాడే సల్ఫాసలజిన్. చివర్లో ఎమ్‌పీవో (వాపు గుర్తు), ఎండీఏ (ఆక్సీకరణతో కొవ్వు పాడైన గుర్తు), గ్లూటాథయోన్, ఎస్ఓడీ, క్యాటలేజ్ (ఒంటి సొంత యాంటీఆక్సిడెంట్లు), హిస్టాలజీ (మైక్రోస్కోప్‌లో కణజాల పరీక్ష).

ఎథిక్స్ కమిటీకి ఫారం బి (జంతు ప్రయోగానికి అనుమతి దరఖాస్తు) ఇవ్వాల్సిన టైమ్ దగ్గర పడింది. రెండు ప్రశ్నలు. జబ్బు తెప్పించడానికి ఎసిటిక్ యాసిడ్ సరిపోతుందా, డీఎస్ఎస్‌కి (తాగే నీళ్లలో కలిపి పేగు వాపు తెప్పించే రసాయనం) వెళ్లాలా? ఎండీఏ తగ్గి ఎస్ఓడీ పెరిగితే "యాంటీఆక్సిడెంట్ గుణం వల్లే జబ్బు తగ్గింది" అని రాయొచ్చా?

గిండీస్క్రీనింగ్

బ్రదర్, ఎసిటిక్ యాసిడ్‌ని తక్కువ చేసి చూడకండి. ఖర్చు లేదు, రెండు రోజుల్లో రిజల్ట్ వస్తుంది, ఏ కాలేజీ యానిమల్ హౌస్‌లోనైనా చేయొచ్చు. ఓ పది మూలికల్లో దేన్ని ముందుకు తీసుకెళ్లాలో తేల్చుకోవడానికి మొదటి జల్లెడగా పనికొస్తుంది. డీఎస్ఎస్ ఖరీదెక్కువ, పైగా బ్యాచ్ మారితే జబ్బు తీవ్రత కూడా మారిపోతుంది. ఎం.ఫార్మసీ స్థాయికి ఇది చాలనే నా అభిప్రాయం.

చుంచుల్యాబ్ (సోమవారం, రాత్రి 11:15)

తమ్ముడూ, రెండో ప్రశ్నతో మొదలుపెడతాను. మొదటి దానికి జవాబు అందులోనే ఉంది.

అలా రాయకూడదు. పేగు గోడ వాచినప్పుడు న్యూట్రోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలు గుంపుగా వచ్చి చేరతాయి. సూపర్ఆక్సైడ్‌ని అవే వదులుతాయి. వాటిలోని మైలోపెరాక్సిడేజ్, అంటే నువ్వు కొలిచే ఎమ్‌పీవోనే, హైపోక్లోరస్ యాసిడ్ తయారుచేస్తుంది. కణాల పొరల్లోని కొవ్వు పాడై ఎండీఏ పెరుగుతుంది. ఇప్పుడు ఏ మందు ఇచ్చి వాపు తగ్గించినా న్యూట్రోఫిల్స్ తగ్గుతాయి, దాంతో ఎండీఏ కూడా తగ్గుతుంది. ప్రెడ్నిసలోన్ అనే స్టెరాయిడ్ ఇచ్చినా తగ్గుతుంది. ప్రెడ్నిసలోన్‌ని ఎవరూ యాంటీఆక్సిడెంట్ అనరు కదా! వాపు తగ్గడం వల్ల ఎండీఏ తగ్గిందా, ఎండీఏ తగ్గించడం వల్ల వాపు తగ్గిందా అన్నది నీ ప్లాన్‌లో ఎక్కడా తేలదు.

డీపీపీహెచ్ సంగతీ అంతే. మెథనాల్‌లో ఊదారంగు ద్రావణం, 517 నానోమీటర్ల దగ్గర రీడింగ్, రంగు వెలిసిపోతే యాంటీఆక్సిడెంట్ అంటాం. కాఫీ డికాక్షన్ పోసినా వెలుస్తుంది. మారేడులోని టానిన్లు, పాలీఫినాల్స్ నోటి నుంచి పెద్దపేగు దాకా వెళ్లేసరికి జీర్ణరసాలు, బ్యాక్టీరియా వాటిని ఏవేవో పదార్థాలుగా మార్చేస్తాయి. దానిమ్మలోని ఎల్లాజిటానిన్లను పేగు బ్యాక్టీరియా యూరోలిథిన్లుగా మారుస్తుంది, అదీ కొందరిలోనే. కాబట్టి టెస్ట్‌ట్యూబ్‌లో రంగు వెలిసిన పదార్థం పేగు గోడను అదే రూపంలో చేరుతుందన్న నమ్మకం లేదు. ఆ పరీక్ష చేయి, తప్పు లేదు. ఎక్స్‌ట్రాక్ట్ బ్యాచ్‌లు ఒకేలా ఉన్నాయా అని చూసుకోవడానికి పనికొస్తుంది. పేగులో ఏం జరిగిందో మాత్రం అది చెప్పదు.

ఇంకో సంగతి, ఇది చాలామంది ఆలోచించరు. ఆక్సీకరణ పదార్థాలన్నీ శత్రువులు కావు. క్రానిక్ గ్రాన్యులోమాటస్ డిసీజ్ అని పుట్టుకతో వచ్చే జబ్బు ఒకటుంది. అందులో తెల్ల రక్తకణాల ఎన్‌ఏడీపీహెచ్ ఆక్సిడేజ్ అనే ఎంజైమ్ పనిచేయదు కాబట్టి సూపర్ఆక్సైడ్ తయారు కాదు. యాంటీఆక్సిడెంట్ లెక్కన చూస్తే వాళ్ల పేగులు చల్లగా ఉండాలి. కానీ వాళ్లలో చాలామందికి క్రోన్స్‌ని (ఇన్‌ఫ్లమేటరీ బవెల్ డిసీజ్‌లో ఒక రకం) పోలిన పేగు వాపు వస్తుంది. బ్యాక్టీరియాని అదుపులో పెట్టడానికి, వాపును సమయానికి ముగించడానికి కూడా ఆ పదార్థాలు కావాలి.

ఇక మోడల్. గిండీ అన్న చెప్పిన జల్లెడ మాట వేరే మూలికల విషయంలో ఒప్పుకుంటాను, మారేడు విషయంలో ఒప్పుకోను. ఎసిటిక్ యాసిడ్ మొదట చేసేది రసాయనిక గాయం. వాపు దాని వెనక వస్తుంది. పచ్చి మారేడులో జిగురు ఉంది, ప్రోటీన్లను బిగించే టానిన్ ఉంది. వారం రోజులు ముందుగా పట్టిస్తే అందులో కొంత పేగు లోపలి పొర మీద లేపనంలా ఉండిపోయి యాసిడ్‌ని అడ్డుకోవచ్చు. అప్పుడు గాయం తగ్గినట్టు కనిపిస్తుంది. అది జబ్బును తగ్గించడం కాదు, యాసిడ్‌ని గోడకు తగలనివ్వకపోవడం. పైగా మన దగ్గరికి వచ్చే రోగికి జబ్బు ముందే ఉంటుంది. రేపు జబ్బు వస్తుందని ఈ రోజు నుంచే మందు వేసుకునేవాళ్లు ఎవరు?

డీఎస్ఎస్ పెట్టు, ర్యాట్స్‌లో కాదు, మైస్‌లో (చిట్టెలుకల్లో) పెట్టు. 1990లో జపాన్ పరిశోధకులు మైస్‌లో చూపించిన పద్ధతి. అణుభారం 36,000 నుంచి 50,000 మధ్య ఉన్న డెక్స్‌ట్రాన్ సల్ఫేట్ సోడియం, తాగే నీళ్లలో 2.5 లేదా 3 శాతం, వారం రోజులు. నాలుగో అయిదో రోజుకు మలంలో రక్తం కనబడుతుంది. మందు అక్కడ మొదలుపెట్టు. డీఎస్ఎస్ ఆపేశాక కూడా రెండు మూడు రోజులు బరువు పడిపోతూనే ఉంటుంది, తర్వాత కోలుకుంటాయి. ఆ కోలుకోవడం త్వరపడిందా లేదా అన్నదే నీ అసలు ప్రశ్న కావాలి. దీని హద్దు కూడా తెలుసుకో: టీ, బీ కణాలు (రోగనిరోధక కణాలు) లేని మైస్‌లో కూడా డీఎస్ఎస్‌తో పూత వస్తుంది. అంటే ఇది ముఖ్యంగా పేగు పొర దెబ్బతినడం, సహజ రోగనిరోధక శక్తి స్పందించడం మీద నడిచే మోడల్. మనిషి జబ్బు అంతా ఇందులో లేదు.

వెలచ్చేరి వాణి (మంగళవారం, ఉదయం)

నేను సైన్స్ మనిషిని కాదండి, నా ప్రశ్న వేరే దారిలో ఉంటే క్షమించాలి. మా తమ్ముడికి అల్సరేటివ్ కొలైటిస్, పెద్దపేగులో పుండ్లు పడే జబ్బు. దానికి కొన్నేళ్లుగా మెసలమైన్ అనే మందు వాడుతున్నాడు, మధ్యమధ్యలో రక్తం పడుతుంది, ఆఫీసుకు సెలవు పెడతాడు. బయట భోజనం చేయాలంటేనే వాడికి టెన్షన్. బంధువుల వాట్సాప్ గ్రూపులో ఒకరు పసుపు, శల్లకి (ఒక చెట్టు బంక), నేలవేము కలిపిన క్యాప్సూల్ గురించి పంపారు. ఎలుకల్లో పేగు పూత పూర్తిగా మానిపోయిందట, ఇంగ్లిష్ మందు ఆపేయొచ్చట. అమ్మ అప్పుడే కొనేసింది. మీరంతా ఎలుకల గురించే మాట్లాడుతున్నారు కదా, ఇది ఎంతవరకు నమ్మొచ్చో చెప్తారా?

జఠరాగ్ని (మంగళవారం, మధ్యాహ్నం)

వాణిగారూ, మీ ప్రశ్న దారిలోనే ఉంది. నేను గ్యాస్ట్రోఎంటరాలజీ డాక్టర్‌ని. మొదట ఒక్క మాట: మీ తమ్ముడు మెసలమైన్ ఆపకూడదు. ఇప్పుడు మీరు రాసిన మూడింటి గురించీ విడివిడిగా చెప్తాను, మూడింటి కథా ఒకటి కాదు.

పసుపు. మనుషుల్లో కొంత మంచి ఆధారం ఉన్నది దీనికే. 2006లో జపాన్‌లో జబ్బు అదుపులో ఉన్న 89 మందికి మామూలు మందుతో పాటు సగం మందికి రోజుకు 2 గ్రాముల కర్క్యుమిన్ ఇచ్చారు. ఆరు నెలల్లో జబ్బు తిరగబెట్టింది కర్క్యుమిన్ వాడిన 43 మందిలో ఇద్దరికి, డమ్మీ మాత్ర వాడిన 39 మందిలో 8 మందికి. 2015లో మరో పరీక్షలో రోజుకు 3 గ్రాములు మెసలమైన్‌తో కలిపి ఇస్తే నెలలో 26 మందిలో 14 మందికి లక్షణాలు సద్దుమణిగాయి, డమ్మీ గ్రూపు 24 మందిలో ఒక్కరికీ కాలేదు. కానీ మన ఢిల్లీ ఎయిమ్స్‌లో 62 మంది మీద చేసి 2017లో ప్రచురించిన పరీక్షలో రోజుకు 450 మి.గ్రా. ఇస్తే తేడా ఏమీ రాలేదు. డోసు ముఖ్యమని అర్థమవుతోంది. ఈ మూడింటిలోనూ పసుపు మెసలమైన్ లాంటి మందుకు తోడుగానే ఉంది, దాని బదులుగా కాదు. వంట పసుపులో కర్క్యుమిన్ సుమారు 3 శాతం. 2 గ్రాములు కావాలంటే 65 గ్రాముల పైన పసుపు తినాలి, అది కుదిరే పని కాదు.

శల్లకి కథ తిరగబడింది. 1997లో మన దేశంలో చేసిన చిన్న అధ్యయనంలో 82 శాతం మందికి నెమ్మదించిందని, సల్ఫాసలజిన్‌తో 75 శాతం అని వచ్చింది. కానీ 2005లో మైస్‌లో డీఎస్ఎస్, టీఎన్‌బీఎస్ (పేగు వాపు తెప్పించే ఇంకో రసాయనం) రెండు మోడల్స్‌లోనూ శల్లకి ఎక్స్‌ట్రాక్ట్ పనిచేయలేదు, ఎక్కువ డోసుల్లో లివర్‌కి దెబ్బ తగిలే సూచనలు కనిపించాయి. 2011లో జర్మనీలో క్రోన్స్ రోగులకు ఏడాది పాటు ఇచ్చి చూస్తే, జబ్బు తిరగబెట్టకుండా ఆపడంలో డమ్మీ కంటే మెరుగని తేలలేదు.

నేలవేము. చెన్నైలో డెంగీ వచ్చినప్పుడల్లా నేలవేము కుడినీరు వీధుల్లో పంచుతారు కాబట్టి అందరికీ దాని మీద నమ్మకం. దీని ఎక్స్‌ట్రాక్ట్ మైస్‌లో పేగు వాపును బాగా ఆపింది. అది చూసి మనుషుల్లో చేశారు. 224 మందితో చేసి 2013లో ప్రచురించిన రెండో దశ పరీక్షలో రోజుకు 1800 మి.గ్రా. తీసుకున్నవాళ్లలో 60 శాతం మందికి, డమ్మీలో 40 శాతం మందికి మెరుగు కనిపించింది. జబ్బు పూర్తిగా నెమ్మదించడంలో మాత్రం తేడా గట్టిగా తేలలేదు. మూడో దశ పెద్ద పరీక్షను 2014లో మధ్యలోనే ఆపేశారు, లెక్కలు చూస్తే గెలిచే అవకాశం కనిపించలేదు కాబట్టి. ఎలుకల్లో బాగుంది, రెండో దశలోనూ ఆశ పుట్టించింది, అయినా అక్కడ ఆగిపోయింది.

అమ్మగారు కొన్న డబ్బా మీద ఏది ఎన్ని మిల్లీగ్రాములో, మిరియాల సారం పైపరిన్ కలిపారో లేదో చూడండి. కర్క్యుమిన్ ఒంట్లోకి ఎక్కువ పట్టడానికి పైపరిన్ కలుపుతారు, అలాంటి ఉత్పత్తులతో లివర్ దెబ్బతిన్న కేసులు ఉన్నాయి. ఆ డబ్బా పట్టుకుని మీ డాక్టర్ దగ్గరికి వెళ్లండి. వాడుతున్నారని ఆయనకు తెలియాలి, తిడతారని దాచొద్దు. లివర్ ఫంక్షన్ టెస్ట్ చేయించమని అడగండి.

మూలికామణి, తాంబరం

డాక్టర్ గారు చెప్పినదాంట్లో చాలావరకు ఒప్పుకుంటాను. ఒక అభ్యంతరం ఉంది. తరతరాలుగా మనుషులు తాగుతున్న కషాయాన్ని మళ్లీ ఎలుకకు పట్టించి, ఎలుకకు తగ్గలేదు కాబట్టి పనికిరాదనడం న్యాయం కాదు. మందు వాడిన తీరే వేరు. ఆయుర్వేదంలో పచ్చి మారేడును గ్రాహి అంటారు, విరేచనాన్ని కట్టేది. పండిన మారేడు గుణం వేరు, అది అరగడానికి బరువు. మన వాళ్లు ఇచ్చింది నీళ్లలో కాచిన కషాయం. సాక్స్‌లెట్‌లో ఇథనాల్ పోసి తీసినది వేరే వస్తువు. ఫార్మ్‌తరమణి అబ్బాయి మన సంప్రదాయాన్ని పరీక్షిస్తున్నానని రాస్తే ముందు కషాయంతోనే చేయాలి.

కాయ ఎక్కడిదో, ఏ నెలలో కోశారో, ఎంత పచ్చిదో రాసుకోవాలి. నాటు మందుల కొట్టులో ఎండు ముక్కలు కొంటే అందులో ఏం కలిసిందో తెలియదు. చెట్టు దగ్గర కోసి, కొమ్మ ఆకులతో సహా హెర్బేరియం నమూనా (గుర్తింపు కోసం ఎండబెట్టి దాచేది) చేయించి నంబరు తీసుకో నాయనా.

జఠరాగ్ని

కషాయం గురించి మీ మాట నూటికి నూరుపాళ్లు నిజం. "తరతరాలుగా తాగుతున్నారు" అన్న దగ్గర మాత్రం నేను ఆగుతాను. తాగింది ఎవరు, ఎన్నాళ్లు? విరేచనాలకు మూడు రోజులు తాగడం వేరు, ఇరవై ఏళ్ల కుర్రాడు జీవితాంతం తాగడం వేరు.

నీలిమొక్క నుంచి తీసే ఒక చైనా మందు ఉంది. జపాన్‌లో 86 మంది అల్సరేటివ్ కొలైటిస్ రోగుల మీద చేసి 2018లో ప్రచురించిన పరీక్షలో ఫలితం చూసి మాకు ఆశ్చర్యం వేసింది. రోజుకు 2 గ్రాములు వాడినవాళ్లలో 81 శాతం మందికి మెరుగు, డమ్మీలో 13.6 శాతం. అయినా ఆ పరీక్షను అనుకున్న గడువుకు ముందే ఆపాల్సి వచ్చింది. బయట సొంతంగా ఆ మందు కొనుక్కుని నెలల తరబడి వాడిన రోగుల్లో ఊపిరితిత్తుల రక్తనాళాల్లో ఒత్తిడి పెరిగే జబ్బు కనిపించింది. పది రోజుల మైస్ ప్రయోగంలో గానీ, 8 వారాల మనుషుల పరీక్షలో గానీ ఇలాంటివి బయటపడకపోవచ్చు. పనిచేసే మందుకు ప్రమాదం కూడా ఉండొచ్చు. అందుకే పాతది కాబట్టి మంచిదే అని నేను అనలేను.

చిత్తూరబ్బాయి

చదువుతుంటే మనసు బాధగా ఉంది. రక్తం పడేదాకా నీళ్లలో విషం కలిపి తాగించడం తప్పదా? ఇప్పుడు రోగి పేగు ముక్క నుంచి డిష్‌లో బుల్లి పేగుల్ని, అంటే ఆర్గనాయిడ్లని, పెంచుతున్నారట కదా. అమెరికాలో 2022లో జంతు పరీక్ష తప్పనిసరి కాదని చట్టం మార్చారని, మన దగ్గర కూడా 2023 మార్చిలో కొత్త మందుల నిబంధనల్లో కణాలు, ఆర్గనాయిడ్ల పద్ధతులకు చోటిచ్చారని చదివాను.

చుంచుల్యాబ్ (మంగళవారం, రాత్రి)

మీ బాధ సరైనదే, ఈ పని చేసేవాళ్లకే అది ముందు ఉండాలి. శాస్త్రవేత్తలు రసెల్, బర్చ్ 1959లో చెప్పిన మూడు సూత్రాలు, అంటే వీలైతే జంతువు లేకుండా చేయడం, తక్కువ జంతువులతో చేయడం, బాధ తగ్గించడం, ఫారం బిలో ఏదో ఒకటి రాసి వదిలేసేవి కావు. తమ్ముడూ, ముందు కాకో-2 (ల్యాబ్‌లో పెంచే మనిషి పేగు కణాలు) కణాల పొర మీద చూడు. పొర రెండు వైపులా విద్యుత్ నిరోధం కొలిస్తే పేగు పొర బిగువు తెలుస్తుంది. అక్కడ ఏ ప్రభావమూ లేని డోసును జంతువులోకి తీసుకెళ్లే ముందు ఒకటికి రెండుసార్లు ఆలోచించు.

అయితే డిష్‌లో మలం ఉండదు, బ్యాక్టీరియా గుంపు ఉండదు, న్యూట్రోఫిల్స్ పరుగెత్తుకు రావు. సల్ఫాసలజిన్‌నే చూడండి. 1940లలో స్వీడన్‌లో నన్నా స్వార్ట్జ్ కీళ్లవాతం కోసం తయారు చేయించిన మందు. పెద్దపేగులో బ్యాక్టీరియా దాన్ని రెండు ముక్కలు చేస్తేనే పనిచేస్తుంది, బ్యాక్టీరియా లేని ర్యాట్స్‌లో అది విడిపోదు. పనిచేసే ముక్క ఏదో ఆక్స్‌ఫర్డ్‌లో ఆజాద్ ఖాన్ బృందం 1977లో రోగులకు మూడు రకాల ఎనిమాలు విడివిడిగా ఇచ్చి తేల్చింది. ఈ రోజు వాణిగారి తమ్ముడు వాడుతున్న మెసలమైన్ ఆ ముక్కే. కణాల మీద మాత్రమే చూసి ఉంటే సల్ఫాసలజిన్ ఎలా పనిచేస్తుందో తెలిసేది కాదు.

ఈ సంగతి నీ ప్రయోగానికీ వర్తిస్తుంది. మారేడు ఎక్స్‌ట్రాక్ట్‌కి బ్యాక్టీరియాని చంపే గుణం ఉంటే వాపు తగ్గడం దానివల్ల కూడా కావొచ్చు. మలం నమూనాలు దాచిపెట్టు.

ఇప్పుడు మారేడుకు ప్రత్యేకమైన చిక్కు. డీఎస్ఎస్ ప్రయోగంలో రోజూ వేసే డిసీజ్ యాక్టివిటీ స్కోరులో మూడు భాగాలు: బరువు తగ్గడం, మలం ఎంత పలుచన, రక్తం. మూలికామణి గారు చెప్పినట్టు పచ్చి మారేడు విరేచనాన్ని కడుతుంది. పేగు గోడ పుండుగానే ఉన్నా మలం గట్టిపడితే నీ స్కోరు మూడో వంతు దానంతట అదే బాగుపడుతుంది. కాబట్టి మూడింటినీ కలిపి చూపించకు, విడివిడిగా చూపించు. మలంలో లిపోకాలిన్-2 అనే ప్రోటీన్ కొలువు. అది మైస్‌లో పేగు వాపును మలం చిక్కదనంతో సంబంధం లేకుండా చెబుతుంది.

రెండోది, నీళ్లు. డీఎస్ఎస్ తాగే నీళ్లలోనే ఉంది. మారేడు పట్టించాక మైస్‌కి కడుపు నిండుగా అనిపించో, వికారం వల్లో నీళ్లు తక్కువ తాగితే విషం తక్కువ లోపలికి పోతుంది, మందు పనిచేసినట్టు కనిపిస్తుంది. ప్రతి కేజ్ బాటిల్‌నీ రోజూ తూచి రాయాలి.

మూడోది, పెద్దపేగు పొడవు. పేపర్లలో అందరూ స్కేలు పక్కన పేగులు వరసగా పెట్టి ఫొటో వేస్తారు. చేత్తో కాస్త లాగితే చాలు, పొడవు మారిపోతుంది. సెలైన్‌తో తడిపిన ఫిల్టర్ పేపర్ మీద లాగకుండా పరచాలి, సీకం (పెద్దపేగు మొదట్లో ఉండే సంచి) దగ్గర నుంచి మలద్వారం దాకా కొలవాలి, కొలిచే మనిషికి గ్రూపు తెలియకూడదు. హిస్టాలజీకి ఏదో ఒక చిన్న ముక్క కోసి పంపకు. డీఎస్ఎస్ పుండ్లు అక్కడక్కడా ఉంటాయి, మలద్వారం వైపు ఎక్కువ. పేగును నిలువునా చీల్చి, చాప చుట్టినట్టు చుట్టి ఫార్మలిన్‌లో వేస్తే ఒక్క స్లైడ్‌లో మొత్తం పొడవు కనబడుతుంది. దాన్నే స్విస్ రోల్ అంటారు.

అంకెలరాజు (బుధవారం)

లెక్కల వైపు నుంచి. గ్రూపుకు 6 అన్నది ఆనవాయితీగా వస్తోంది గానీ దానికి లెక్క లేదు. రెండు గ్రూపుల మధ్య తేడా ఒక స్టాండర్డ్ డీవియేషన్ (జంతువుకు జంతువుకు మధ్య ఉండే హెచ్చుతగ్గుల కొలత) ఉంటే, దాన్ని 80 శాతం అవకాశంతో పట్టుకోవడానికి గ్రూపుకు 17 జంతువులు కావాలి. 6 తో పట్టుకోగలిగేది సుమారు 1.8 స్టాండర్డ్ డీవియేషన్ల తేడానే. అంత పెద్ద తేడా ప్రతి మందుకూ రాదు. అలాంటప్పుడు చిన్న ప్రయోగంలో తేడా వచ్చిందంటే అది ఉన్నదానికన్నా పెద్దగా కనిపించే అవకాశమే ఎక్కువ.

కమిటీ తక్కువ జంతువులే అంటుంది, నిజమే. కానీ ఏదీ తేల్చలేని 30 జంతువుల కంటే తేల్చగలిగే 50 మేలు. రెండు డోసుల బదులు ఒకటే పెట్టు. ఆరోగ్యంగా ఉండే గ్రూపును చిన్నది చేయి, అందులో తేడాలు తక్కువ ఉంటాయి. అలా మిగిలిన జంతువులను జబ్బు గ్రూపుల్లో వేయి.

కేజ్ సంగతి కూడా. ఎలుకలు ఒకదాని మలం ఒకటి తింటాయి, ఒకే కేజ్‌లో ఉన్నవాటి పేగు బ్యాక్టీరియా ఒకటైపోతుంది. మారేడు గ్రూపు మొత్తం ఒకే కేజ్‌లో, కంట్రోల్ మొత్తం ఇంకో కేజ్‌లో ఉంటే నీకు వచ్చిన తేడా మందుదో కేజ్‌దో ఎవరూ చెప్పలేరు. ఒక్కో గ్రూపును మూడు నాలుగు కేజ్‌లలో సర్దు. ముఖ్యమైన కొలత ఏదో ఒకటి ముందే నిర్ణయించి రాసి పెట్టు, తర్వాత మార్చకు. మధ్యలో చనిపోయినవాటిని లెక్కలోంచి తీసేయకు, ఏ గ్రూపులో ఎన్ని పోయాయో రాయి. జంతు ప్రయోగాలను ఎలా రాయాలో చెప్పే, 2020లో సవరించిన అరైవ్ మార్గదర్శకాల్లో ఇవన్నీ ఉన్నాయి, ఫారం నింపే ముందు ఒకసారి చదువుకో.

వేప్పేరివెట్

నేను పశువైద్యుణ్ణి, కుక్కలూ పిల్లులూ చూస్తాను. మీరంతా జబ్బు తెప్పించిన జంతువుల గురించే మాట్లాడారు. నా దగ్గరికి జబ్బు దానంతట అదే వచ్చిన జంతువులు వస్తాయి. నెలల తరబడి విరేచనాలు, వాంతులు, బరువు తగ్గడం. జర్మన్ షెపర్డ్‌లలో ఎక్కువ చూస్తాం.

ఇందులో చాలా కుక్కలకు ఆహారం మారిస్తేనే తగ్గిపోతుంది. అందుకే ముందు కొన్ని వారాలు కొత్త ప్రోటీన్ ఉన్న ఆహారం పెట్టి చూస్తాం. యజమాని అదే సమయంలో పసుపు, ఉసిరి పొడి కూడా కలిపితే మంచిపేరు మూలికకు పోతుంది. బాక్సర్ కుక్కల్లో వచ్చే ఒక రకం పెద్దపేగు పూత ఇంకా మంచి ఉదాహరణ. చాలాకాలం అది రోగనిరోధక శక్తి అతిగా స్పందించడం వల్లే అనుకున్నారు. చివరికి పేగు గోడ కణాల్లోకి దూరిన ఈ.కోలై బ్యాక్టీరియా కారణమని తేలింది, ఎన్రోఫ్లాక్ససిన్ అనే యాంటీబయాటిక్‌తో తగ్గుతుంది. అలాంటి కుక్కకు ఎంత యాంటీఆక్సిడెంట్ పోసినా ఏం లాభం?

కుక్కలు పెంచేవాళ్లు చదువుతుంటే ఒక జాగ్రత్త: మనుషుల సల్ఫాసలజిన్ సొంతంగా వేయకండి, కొన్ని కుక్కలకు కళ్లు పొడిబారిపోతాయి. ఉల్లి, వెల్లుల్లి కలిసిన మూలికల పొడులు కుక్కలకు విషం.

గిండీస్క్రీనింగ్

మారేడు జిగురు యాసిడ్‌ని అడ్డుకోవచ్చన్న పాయింట్ బాగుంది మేడమ్, ఒప్పుకుంటున్నాను. టానిన్ లేని మూలికలకు మాత్రం నా జల్లెడ మాట నిలబడుతుంది.

డోసు గురించి ఒక మాట చేరుస్తాను. ర్యాట్‌లో కిలోకు 200 మి.గ్రా. ఇస్తే, శరీర ఉపరితలం లెక్కన మనిషికి 6.2 తో భాగించాలి. కిలోకు 32 మి.గ్రా., అంటే 60 కిలోల మనిషికి దాదాపు 2 గ్రాముల ఎక్స్‌ట్రాక్ట్. అదే మైస్ అయితే 12.3 తో భాగించాలి. ర్యాట్‌లో 400 అయితే మనిషికి దాదాపు 4 గ్రాములు అవుతుంది. రోజూ అంత ఎక్స్‌ట్రాక్ట్ ఎవరు మింగుతారు? 2000 లో పదో వంతు, ఐదో వంతు అన్నది అలవాటే గానీ మనిషి నిజంగా తాగే కషాయం నుంచి వెనక్కి లెక్క కట్టుకోవడం మంచిది.

పసుపు లాంటి రంగున్న వాటితో చేసేవాళ్లకు ఇంకో హెచ్చరిక. ఎండీఏ రీడింగ్ 532 నానోమీటర్ల దగ్గర, ఎమ్‌పీవో 460 దగ్గర తీస్తాం. కర్క్యుమిన్ రంగు 425 చుట్టూ ఉంటుంది, ఎమ్‌పీవో రీడింగ్‌లోకి చొరబడుతుంది. మందు కలిపిన, ఎంజైమ్ లేని బ్లాంక్ (రంగు ఎంతో చూసి తీసేయడానికి) తప్పకుండా పెట్టాలి.

వెలచ్చేరి వాణి (గురువారం)

డాక్టర్ గారూ, డబ్బా చూశాను. మూడు మూలికల పేర్లూ కలిపి 500 మి.గ్రా. అని ఉంది, ఏది ఎంతో విడిగా లేదు. పైపరిన్ ఉంది. అమ్మతో మాట్లాడి పక్కన పెట్టించాను. తమ్ముడు మెసలమైన్ మానలేదు. వచ్చే వారం డాక్టర్ దగ్గరికి వెళ్తున్నాం. కర్క్యుమిన్ తోడుగా ఇవ్వొచ్చా అని ఆయన్నే అడుగుతాం. మీ అందరికీ చాలా థాంక్సండి.

జఠరాగ్ని

మంచి పని చేశారు. వెళ్లినప్పుడు మలంలో క్యాల్‌ప్రొటెక్టిన్ పరీక్ష గురించి కూడా అడగండి. కొలనోస్కోపీ లేకుండానే లోపల వాపు ఎంతుందో చాలావరకు తెలుస్తుంది. ఏ మందు కలిపినా ముందూ వెనకా ఆ అంకె చూసుకుంటే నిజంగా తగ్గిందో లేదో మీకే తెలుస్తుంది.

ఫార్మ్‌తరమణి (శుక్రవారం, రాత్రి)

మా గైడ్ గారికి ఈ చర్చ మొత్తం చూపించాను. కొత్త ప్లాన్ ఇలా వచ్చింది.

పచ్చి కాయ చెట్టు దగ్గరే కోసి నమూనా భద్రపరచడం. నీళ్ల కషాయం ఎండబెట్టి వాడటం, హెచ్‌పీఎల్‌సీ యంత్రంలో మార్మెలోసిన్ (మారేడులో ఉండే పదార్థం) కొలిచి బ్యాచ్ సరిచూడటం. ముందు కాకో-2. తర్వాత మైస్‌లో డీఎస్ఎస్, రక్తం కనిపించిన రోజు నుంచి మందు. ఒకటే డోసు, పోలికకు సల్ఫాసలజిన్. ముఖ్యమైన కొలత హిస్టాలజీ స్కోరు, స్లైడ్లు చూసే సార్‌కి గ్రూపు తెలియదు. మలం స్కోరు విడిగా, నీళ్ల కొలత రోజూ. ఎండీఏ, ఎస్ఓడీ చేస్తాను, కానీ వాటిని వాపు తగ్గిన గుర్తులుగానే రాస్తాను. టైటిల్‌లోంచి "యాంటీఆక్సిడెంట్" తీసేశాం.

ఒక్క సందేహం మిగిలింది. పేగు నుంచి ఆర్ఎన్ఏ తీసి వాపును పెంచే టీఎన్ఎఫ్-ఆల్ఫా, ఐఎల్-6 చూద్దామంటే పక్క ల్యాబ్ సీనియర్‌కి డీఎస్ఎస్ శాంపిల్స్‌లో పీసీఆర్ అసలు రాలేదట. ఆర్ఎన్ఏ క్వాలిటీ బాగానే ఉందట.

చుంచుల్యాబ్

ఆర్ఎన్ఏ తప్పేమీ లేదు. కణజాలంలో మిగిలిపోయిన డీఎస్ఎస్ ఆర్ఎన్ఏతో పాటే బయటికి వచ్చి పీసీఆర్‌కి కావలసిన ఎంజైమ్‌లు రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్‌ని, పాలిమరేజ్‌ని రెండింటినీ అడ్డుకుంటుంది. లిథియం క్లోరైడ్‌తో ఆర్ఎన్ఏని మళ్లీ అవక్షేపం చేసి కడిగితే సరిపోతుంది. నార్మల్ గ్రూపు శాంపిల్స్‌కి కూడా అదే పని చేయాలి, లేకపోతే పోలిక చెడుతుంది.

"యాంటీఆక్సిడెంట్" తీసేయమన్నందుకు మీ గైడ్ గారికి నా నమస్కారాలు చెప్పు. ఫారం బిలో హ్యూమేన్ ఎండ్‌పాయింట్ స్పష్టంగా రాయి: మొదలుపెట్టిన బరువులో 20 శాతం తగ్గిన మౌస్‌ని ఆ రోజే నొప్పి లేకుండా పంపించేయాలి, ప్రయోగం పూర్తయ్యేదాకా దాన్ని బాధలో ఉంచకూడదు. రోజూ ఎవరు తూస్తారో పేరుతో సహా రాయి. ఆదివారం, పండగ రోజు ఎవరు వస్తారో కూడా రాయి, కమిటీ తప్పకుండా అడుగుతుంది.